ఇరవై నిమిషాల వియత్నాం

పొద్దున ఏడూ నలభైకి హోటల్ గేటు దగ్గర నిలబడమన్నారు. నిలబడ్డాం. బస్సు ఎనిమిదింపావుకి వచ్చింది. ‘సముద్రతీర దర్శనం, ఒక రోజు, భోజనంతో సహా’ అని చీటీ మీద అచ్చేసుకున్న ఆ బస్సు మొదటి గంటంపావు మాకు చూపించింది సముద్రాన్ని కాదు, డానాంగ్ నగరంలోని తొమ్మిది హోటళ్ల గేట్లని. ప్రతి గేటు దగ్గరా ఒక కుటుంబం. ప్రతి కుటుంబంలోనూ ఒకాయన ఇంకా లిఫ్టులోనే ఉన్నాడు. ఒకావిడ కళ్లజోడు గదిలో మరిచిపోయి మళ్లీ పైకెళ్లింది. తిరుమల కంపార్టుమెంట్లో కూర్చున్నంత నిబ్బరంగా కూర్చున్నాం. కాకపోతే అక్కడ చివర్లో లడ్డూ ఖాయం.

ఎక్కినవాళ్లందరి ఛాతీ మీదా గైడమ్మాయి ఓ నారింజరంగు స్టిక్కరు అంటించింది. దాని మీద బస్సు నంబరు, ఆమె ఫోన్ నంబరు. తప్పిపోతే దొరికినవాళ్లు అప్పగించడానికి. బాలవాడి దాటాక నన్నెవరూ ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు. ఆమె చేతిలో ఓ మడతకర్ర, కర్ర చివర పచ్చజెండా. ఆ జెండా ఎటు పోతే వియత్నాం అటే ఉంటుంది. జెండా వెనక్కి తిరిగితే వియత్నాం అయిపోయినట్టు. తలలు లెక్కపెట్టి, ‘ఇరవై తొమ్మిది’ అంది మైకులో. ఆ రోజంతా ఆమె ఇంత శ్రద్ధగా పలికిన మాట ఇంకోటి లేదు.

ఇరవై తొమ్మిది మందిలో సగం మంది మనవాళ్లే. మియాపూర్ నుంచి ఓ తమ్ముడు, మరదలు. విశాఖ నుంచి నలుగురు రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, వాళ్ల భార్యలు. నా పక్క సీట్లో గుంటూరు బాబాయి ఒకాయన, మిర్చి వ్యాపారం. కూర్చున్న రెండో నిమిషంలో నేనే ఊరివాణ్ణో, ఇల్లు సొంతమా అద్దెదా, పిల్లలేం చేస్తున్నారో కనుక్కున్నాడు. మూడో నిమిషంలో, “నువ్వెంతకి కొన్నావు టికెట్టు?” అన్నాడు.

ఐదున్నర లక్షలకి, అన్నాను.

“నేను ఐదుకి దించా.”

కంగారు పడకండి. మన రూపాయికి సుమారు 300 డాంగులు. విమానాశ్రయంలో ఇరవై వేల రూపాయలు మార్చుకుంటే దాదాపు అరవై లక్షలు చేతిలో పెడతారు. బతుకంతా ఈఎంఐలు కట్టినవాడికి ఆ క్షణంలో కలిగే రాచఠీవి వర్ణించలేను. నడక మారుతుంది. కొబ్బరిబోండాం వాడితో యాభై వేల దగ్గర బేరం మొదలెట్టడంలోని సుఖం కోసమైనా మనవాళ్లు ఈ దేశానికి రావడం మానరు. నోట్లు పాలిమర్‌వి, తడిసినా నలగవు. ప్రతి పాలిమర్ నోటు మీదా హో చి మిన్ మొహమే. గుంటూరులో చదువుకునే రోజుల్లో వియత్నాం కోసం ఊరేగింపులో గొంతు పోయేలా నినాదాలిచ్చానని బాబాయే చెప్పాడు. ఇప్పుడు అదే హో చి మిన్‌ని బొటనవేలు తడుపుకుంటూ ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు.

బస్సు మీ ఖే బీచ్ పక్కగా సాగింది. అమెరికా సైనికులు చైనా బీచ్ అని పిలుచుకున్న తీరం ఇదే. 1965 మార్చి 8న వాళ్ల మెరైన్ పోరాట దళాలు మొట్టమొదట దిగింది ఈ నగరానికి ఉత్తరాన ఉన్న తీరంలో. తుపాకులతో నీళ్లలోంచి వస్తే, ఒడ్డున అమ్మాయిలు పూలదండలు వేసి స్వాగతం చెప్పారు. అంటే గ్రూపు టూరిజానికి ఈ తీరంలో అప్పుడే కొబ్బరికాయ కొట్టారన్నమాట. మెరైన్ల డ్యూటీ గడువునీ టూరనే అనేవారు, పదమూడు నెలల టూరు. వాళ్లకీ ఈ దేశం ఏమిటో బోధపడలేదు. మాకు దొరికింది పదమూడు గంటలు.

మొదటి మజిలీ సోన్ ట్రా ద్వీపకల్పం. కొండవాలున లిన్ ఉంగ్ ఆలయం, సముద్రం వైపు చూస్తూ 67 మీటర్ల ఎత్తున తెల్లటి క్వాన్ అమ్ విగ్రహం. మనం అవలోకితేశ్వరుడు అంటామే, ఆయనే తూర్పుకి పోయేకొద్దీ అమ్మవారైపోయాడు. లోకం మొర ఆలకించే దేవత. లోపల పదిహేడు అంతస్తులు, ప్రతి అంతస్తులోనూ బుద్ధ విగ్రహాలు. ఈ తల్లి 2010లో వచ్చి నిలబడ్డాక తుఫానులు తగ్గాయని ఊరివాళ్ల నమ్మకం.

“ట్వెంటీ మినిట్స్!” అంది గైడమ్మాయి.

మియాపూర్ తమ్ముడు తలెత్తి చూశాడు. “అన్నా, అరవై ఏడు మీటర్లంటే ఎన్ని ఫ్లోర్లు?”

ఇరవై రెండుంటాయేమో అన్నాను.

“అంతేనా? మా కమ్యూనిటీలో టవరే ముప్పై నాలుగు.”

లోకం మొర ఆలకించే తల్లి ఈ మాట కూడా ఆలకించి ఊరుకుంది. ఆ ఇరవై నిమిషాల్లో పన్నెండు ఫొటోలకి పోయాయి. అరచేతిలో అమ్మవారిని నిలబెట్టినట్టు, అమ్మవారి తల నిమురుతున్నట్టు, అమ్మవారే తమ తల నిమురుతున్నట్టు. ఐదు నిమిషాలు బాత్రూమ్ వరసకి పోయాయి. మిగిలిన మూడూ బస్సెక్కడుందో వెతుక్కోవడానికి.

ఈ కొండ అడవిలోనే ఎర్రకాళ్ల డూక్ కోతులుంటాయి. మోకాళ్ల కింద ముదురెరుపు మేజోళ్లు, ముంజేతులకి తెల్లటి తొడుగులు, పెళ్లికి ముస్తాబైనట్టుండే కోతి. తుడిచిపెట్టుకుపోయే దశలో ఉన్న జాతి. కనబడాలంటే చెట్ల కింద సడి చేయకుండా కూర్చోవాలి. సడి చేయకుండా కూర్చోవడం అనేది ఏ ప్యాకేజీలోనూ లేదు. మా బస్సువాళ్లు ఆలయం గోడ మీద బిస్కెట్ పాకెట్ లాక్కెళ్లిన మామూలు కోతిని చూసి, వీడియో తీసి, తృప్తిపడ్డారు. సింహాచలంలో ఇది ఉచితం.

తర్వాత పాలరాతి కొండలు. ఐదు కొండలు, ఐదు తత్త్వాల పేర్లు: లోహం, కలప, నీరు, నిప్పు, మట్టి. మన పంచభూతాల్లో మూడు కలిశాయి, మిగతా రెండూ వాళ్లవి. ఈ పేర్లు పెట్టింది 19వ శతాబ్దపు చక్రవర్తి మిన్ మాంగ్. ఈయన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. జనం ఎక్కేది నీటికొండ. లోపల హుయెన్ ఖోంగ్ గుహ ఉంది. పైకప్పు చిల్లుల్లోంచి వెలుగు స్తంభాల్లా దిగుతుంది. యుద్ధకాలంలో ఈ కొండల పక్కనే అమెరికా హెలికాప్టర్ల స్థావరం ఉండేది. కొండ కడుపులో గెరిల్లాల ఆస్పత్రి ఉండేది. పైన శత్రువు చక్కర్లు, కింద కుట్లు. ఇలాంటి చోట మనిషి ఓ గంట మాట్లాడకుండా నిలబడాలి.

మాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. కొండకి.

కొండ కింది దుకాణానికి నలభై ఐదు.

ఆ దుకాణం కట్టినవాడికి వాస్తుశాస్త్రంలో డాక్టరేట్ ఇవ్వాలి. బాత్రూమ్ ఆ చివర ఉంటుంది. బస్సు ఆగేది ఈ చివర. మధ్యలో రెండొందల అడుగుల పొడవున పాలరాతి సింహాలు, నవ్వే బుద్ధులు, ఏడ్చే దేవదూతలు, బట్టల్లేని వీనస్‌లు, ఎగిరే చేపలు. మూత్రం ఆపుకున్న మనిషి బేరం ఆడలేడన్న సత్యాన్ని ఎవరో బాగా గ్రహించారు. పోయేటప్పుడు ఒకమ్మాయి పక్కనే నడుస్తుంది. వచ్చేటప్పుడు ముగ్గురు. మొహం చూడగానే మన దేశం ఏదో పట్టేస్తారు. “గణపతి! గణపతి!” అంటూ బాబాయి చెయ్యి పట్టుకుని ఓ మూలకి నడిపించింది ఒకావిడ. అక్కడ వినాయకులు బారులు తీరి ఉన్నారు, ఖైరతాబాద్‌లో పోటీకి దిగినట్టు.

అరవై లక్షలంది. బాబాయి ఇరవై అన్నాడు. మిర్చి యార్డులో తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరమాడిన చెయ్యి అది, ఊరుకుంటుందా? కాల్‌క్యులేటర్ ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగింది. ముప్పై దగ్గర తెగింది. అంటే పదివేల రూపాయలు. పదకొండు కిలోలు. విమానంలో లగేజీ లెక్క ఆ ఉద్వేగంలో ఎవరికి గుర్తుంటుంది?

ఇంతకీ ఆ రాయి ఈ కొండలది కాదు. ఈ కొండల్ని తవ్వడం ఎప్పుడో నిషేధించారు, ముడిరాయి వేరే చోట్ల నుంచి వస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం మన సామెత. ఇక్కడ కొండను తవ్వకుండానే ఎలుకనెక్కిన ఆయన్ని పట్టి బాబాయి ఒళ్లో కూర్చోబెట్టారు.

బస్సు దగ్గర గైడమ్మాయి ఓ కాగితం మీద దుకాణం ముద్ర వేయించుకోవడం చూశాను. అడిగాను. మొదట నవ్వేసింది. మైకు ఆమె చేతిలో లేదు కాబట్టి మాట కాస్త నెమ్మదిగా వచ్చింది. ముద్ర పడితే లెక్క. ముద్ర లేకుండా రెండు రోజులు తిరిగితే మూడో రోజు బస్సు ఇంకో అమ్మాయికి ఇస్తారు. తను చదివింది చరిత్ర. గుహలో ఆస్పత్రి గురించి చెప్పాలంటే కనీసం అరగంట పడుతుంది, అంది. “కానీ సార్, చెబితే ఎవరు వింటారు? అందరూ వైఫై అడుగుతారు.”

కోపం వచ్చేది ఎవరి మీద? లెక్క వేసి చూడండి. ఐదు లక్షల డాంగులంటే పదహారు, పదిహేడు వందల రూపాయలు. అందులోనే బస్సు, డీజిలు, డ్రైవరు, గైడు, కొండ లిఫ్టు, పడవ, హోయ్ ఆన్ టికెట్టు, కూర్చోబెట్టి భోజనం. ఒక్క హోయ్ ఆన్ పాతపట్నం టికెట్టే విదేశీయులకి లక్షా ఇరవై వేలు. హైదరాబాద్‌లో ఈ డబ్బుకి నలుగురు కూర్చుని బిర్యానీ తిని లేవలేరు. మరి మిగతా ఖర్చు ఎవరిస్తున్నట్టు? ఆ పాలరాతి సింహం ఇస్తోంది. అక్కడ మనం గడిపిన నలభై ఐదు నిమిషాలు ఇస్తున్నాయి. బాబాయి బేరమాడి దించిన యాభై వేల డాంగుల్నీ వాళ్లు గుహలో వెలుగు చూసే సమయంలోంచి కోసుకున్నారు. చవగ్గా దొరికిందని మనం మురిసిపోయే ప్రతి టూరూ ఇంతే. సొమ్ము డాంగుల్లో తగ్గుతుంది, నిమిషాల్లో పెరుగుతుంది. మోసం అనడానికి వీల్లేదు. సంతలో గంపకింద కోడిని చూడకుండా కొన్నది మనమే.

భోజనం. దీని గురించి ఎక్కువ చెప్పను, నేనూ నేరస్థుణ్ణే. ‘ఇండియన్ బఫే’ అన్న బోర్డు చూసి బస్సంతా హర్షధ్వానాలు చేసింది. పనీరు తిన్నాం. మూడు వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, మియాపూర్ మూడో సందులో దొరికే పనీరు తిన్నాం. విశాఖ వదినగారు సంచీలోంచి కందిపొడి, గోంగూర తీశారు. బల్ల మీద జాతీయ సమైక్యత వెల్లివిరిసింది. పక్క బల్ల మీద వియత్నాం కుటుంబం ఒకటి నువొక్ మమ్ గిన్నె పెట్టుకుని తింటోంది. నెత్తళ్లని ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం. డానాంగ్‌లోనే నామ్ ఓ అనే ఊరు దానికి పేరుపడింది. మావాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఏడాదిపాటు జాడీలో మాగిన ఆవకాయని చేతివేళ్లతో కలుపుకుంటూ, జాడీలో మాగిన చేపల్ని తినేవాళ్లని చూసి అసహ్యించుకోవడానికి చాలా నాగరికత కావాలి. అది మన దగ్గర పుష్కలంగా ఉంది.

తర్వాత కామ్ థాన్, ‘కొబ్బరి అడవి’. అవి కొబ్బరిచెట్లు కావు. ఉప్పునీటి బురదలో పెరిగే నీపా తాటిజాతి. ఆకు కొబ్బరిమట్టలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడి ప్రత్యేకత వెదురుతో అల్లిన గుండ్రటి బుట్టపడవ. పేడా చెట్టు జిగురూ పూసి నీళ్లు రాకుండా చేసేవారు. ఫ్రెంచివాళ్లు పడవల మీద పన్ను వేస్తే, ఇది పడవ కాదు బుట్ట అని తప్పించుకోవడానికే ఈ ఆకారమని గైడు చెప్పే కథ. నిజమో కాదో గానీ, పన్ను ఎగ్గొట్టే కథ కాబట్టి బస్సులో అందరికీ వెంటనే ఎక్కింది.

చూడగానే నాకు నోట మాట రాలేదు. ఇది పుట్టి! కృష్ణలో మన జాలర్లు వేసే పుట్టి. నాగార్జునసాగర్ దగ్గర, శ్రీశైలం వెనక జలాల్లో రోజూ తిరిగే పుట్టి. దాంట్లో ఎక్కమంటే మియాపూర్ తమ్ముడు బట్టలు పాడవుతాయని కారు దిగడు. ఇక్కడ నారింజరంగు లైఫ్‌జాకెట్ తొడుక్కుని, తలకి నోన్ లా టోపీ పెట్టుకుని, కాలు కింద పెట్టకముందే వీడియో కాల్ చేశాడు: “అమ్మా, చూడు, వియత్నాం స్పెషల్!”

పడవ నడిపింది అరవై దాటిన అవ్వ. మౌనంగా తెడ్డు వేస్తోంది. యుద్ధకాలంలో ఈ మట్టల చాటునే గెరిల్లాలు దాక్కునేవారు. ఆవిడ అప్పటికి చిన్నపిల్లై ఉంటుంది. ఏం చూసిందో. అడగడానికి భాష లేదు, భాష ఉన్నా వినబడదు. ఎందుకంటే అడవి నడుమ ఓ తెప్ప మీద మనిషంత స్పీకర్లు పెట్టి, కొరియా పాట ఒకటి, హిందీ పాట ఒకటి మార్చి మార్చి మోగిస్తున్నారు. ఓ కుర్రాడు తన బుట్టలో నిలబడి గిరగిరా తిరుగుతున్నాడు, మన జాతరలో రంగులరాట్నం సిగ్గుపడేలా. చుట్టూ నలభై బుట్టలు, నలభై సెల్‌ఫోన్లు. తిరగడం అయ్యాక కుర్రాడు తెడ్డు చాపాడు. దాని మీద నోట్లు అతికించాలి. హో చి మిన్ మొహం తడి తెడ్డుకి చక్కగా అతుక్కుంటుంది, పాలిమర్ మహిమ. అవ్వ ఆకుతో ఓ ఉంగరం, ఓ మిడత అల్లి నా చేతిలో పెట్టింది. ఆ రోజు దుకాణం ముద్ర లేకుండా నా చేతికొచ్చింది అదొక్కటే. దానికీ నేను ఇరవై వేలిచ్చాను, కాదనలేదు.

హోయ్ ఆన్ దారిలో గైడమ్మాయి మైకు తీసి, “ఒకప్పుడు ఇక్కడ చామ్ ప్రజలుండేవారు. ఇప్పుడు దర్జీ దుకాణాల గురించి చెబుతాను,” అంది.

ఆ రెండు వాక్యాల మధ్య పదహారు వందల ఏళ్లు దూకేసింది. నాకు ఆగలేదు. పక్కనున్నవాళ్లకి చెప్పడం మొదలెట్టాను. ఈ తీరమంతా ఒకప్పుడు ఆ చామ్‌ల చంపా రాజ్యం. ఆ రాజ్యంలో సీమల పేర్లు వినండి: విజయ, కౌఠార, పాండురంగ. ఇప్పుడు ఫాన్ రంగ్ అంటున్న ఊరు ఆ పాండురంగమే. మరి మనం ఇప్పుడు పోతున్న ఈ నేల, డానాంగ్, హోయ్ ఆన్ చుట్టుపక్కల ప్రాంతం పేరేమిటో తెలుసా? అమరావతి.

బస్సులో చలనం వచ్చింది. పొద్దుట్నుంచీ మొదటిసారి.

“అమరావతా? ఇక్కడా?” మియాపూర్ తమ్ముడు సీట్లోంచి లేచాడు. “గజం ఎంతుందో కనుక్కో అన్నా!”

విశాఖ బ్యాంకు అన్నగారు సర్దిచెప్పారు, వియత్నాంలో భూమి ప్రజలందరిదీ, విదేశీయుడు నేల కొనలేడు అని. తమ్ముడు కూలబడ్డాడు. చంపా రాజ్యం మీద అతని ఆసక్తి అక్కడితో అంతరించింది. అసలు రాజ్యం 1832 దాకా ఉంది. చివరి ముక్కని మింగింది కూడా మన మిన్ మాంగే, కొండలకి పంచతత్త్వాల పేర్లు పెట్టిన మహానుభావుడు.

బాబాయి మాత్రం వింటున్నాడు. అందుకని చెప్పాను. ఈ అమరావతి సీమలో డోంగ్ డువోంగ్ అనే చోట 1911లో ఓ కంచు బుద్ధుడు దొరికాడు. ఆ విగ్రహం మడతల్లో మన కృష్ణాతీరపు అమరావతి శిల్పుల చెయ్యి కనబడుతుందని కళాచరిత్రకారులు రాశారు. ఇప్పుడది సైగాన్ మ్యూజియంలో ఉంది. ఇక హోయ్ ఆన్ నుంచి నలభై కిలోమీటర్లు లోపలికి పోతే, కొండల నడుమ గిన్నెలాంటి లోయలో శివాలయాల గుంపు. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు అక్కడ శివుడికి గుడి కట్టి భద్రేశ్వరుడని పేరు పెట్టాడు. దేవుడి పేరుకి ముందు తన పేరు తగిలించడం మనకి కొత్తా? సామర్లకోటలో చాళుక్య భీమేశ్వరుడు లేడూ? పదమూడో శతాబ్దం దాకా కడుతూనే ఉన్నారు. ఇటుక మీద ఇటుక, నడుమ సున్నం గీత కంటికి కనబడదు. 1969 ఆగస్టులో అమెరికా విమానాలు బాంబులేస్తే వాటిలోకెల్లా గొప్పదైన గోపురం నేలమట్టమైంది. తర్వాత పోలెండ్ నుంచి కజిమియెర్జ్ క్వియత్కోవ్స్కీ అనే వాస్తుశిల్పి వచ్చి ఏళ్ల తరబడి ఆ అడవిలో ఉండి మిగిలినవాటిని నిలబెట్టాడు. మన పురావస్తుశాఖవాళ్లు కూడా 2017 నుంచి పనిచేశారు. 2020లో మట్టి తీస్తుంటే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది.

“ఏదీ, ఇదేనా?” అని బాబాయి బ్రోషరు చూపించాడు. చివరి పేజీలో చిన్న బొమ్మ, కింద ఇంగ్లిషు అక్షరాలు. “మై సన్ అని రాశారే. ఎవరి కొడుకు?”

గైడమ్మాయి వెనక్కి తిరిగింది. “మీ సన్, సార్. అంటే అందమైన కొండ.”

“మరి మనం పోవట్లేదేంటమ్మా?”

“అది వేరే టూర్. తెల్లారి ఐదింటికి. సూర్యోదయం స్పెషల్. రేటు వేరే.”

అక్కడ ఎంతసేపు, అన్నాను.

“గంటన్నర సార్. దారిలో సిల్కు షాపుంది.”

2025 జులై 1న, హోయ్ ఆన్, మీ సన్ ఉన్న క్వాంగ్ నామ్ రాష్ట్రాన్ని మొత్తంగా డానాంగ్ నగరంలో కలిపేశారు. అంటే కాగితాల మీద హోయ్ ఆన్, మీ సన్, పాలరాతి కొండలు అన్నీ ఇప్పుడు ఒకే ఊరు. ప్రభుత్వం ఒక్క సంతకంతో కలిపిన ఊళ్లని టూరు కంపెనీవాళ్లు రెండు టికెట్లుగా చీల్చి ఉంచారు.

హోయ్ ఆన్‌కి గంటన్నర ఇచ్చారు, మా బస్సు లెక్కలో అది వనవాసమే. పసుపు గోడలు, నాచు పట్టిన పెంకులు, గుమ్మాలకి వేలాడే పట్టు లాంతర్లు. జపాన్, చైనా వర్తకులు పక్కపక్క వీధుల్లో కాపురాలుండి సరుకు మార్చుకున్న రేవుపట్నం. నది మేటవేసి పెద్ద ఓడలు రావడం మానేశాక ఊరు అలాగే నిలిచిపోయింది. దరిద్రం కాపాడిన అందం అన్నమాట. అందుకే 1999లో యునెస్కోవాళ్లు తమ జాబితాలో చేర్చుకున్నారు. జపాను వంతెన ఇరవై వేల డాంగుల నోటు మీద ఉంటుంది. అందుకని వచ్చినవాళ్లందరూ నోటు ముందుకు చాపి, వెనక వంతెన కనబడేలా ఫొటో తీసుకుంటున్నారు. నోటు మీది వంతెన అసలు వంతెనని కప్పేస్తోంది. ఆ వంతెనకి ఈ మధ్య మరమ్మతులు చేసి 2024లో తెరిస్తే, మరీ కొత్తగా ఉందని అక్కడివాళ్లే పోట్లాడుకున్నారు. మన దగ్గర ఆ గొడవ ఉండదు. వెయ్యేళ్ల గుడికి ఎనామిల్ రంగులేస్తే దండం పెట్టి హుండీలో వేస్తాం.

ఓ పాత ఇంట్లో గోడ మీద గీతలు కనిపించాయి. పిల్లల ఎత్తు కొలిచినట్టు. తు బోన్ నది పొంగిన సంవత్సరాలవి. బాగా పైన 1964. నా తల దాటి ఉంది. ఇంటి పెద్దావిడ ఆ గీత చూపించి, తర్వాత పైకప్పులో చతురస్రపు చెక్క తలుపు చూపించింది. వరదొస్తే సామానంతా దాంట్లోంచే పైకి లాగుతారట. గోదావరి లంకల్లో పుట్టినవాణ్ణి, నాకు ఇంకేం చెప్పక్కర్లేదు. అక్కడే చతికిలబడాలనిపించింది. బయట పచ్చజెండా ఊగింది.

చీకటి పడ్డాక నది మీద దీపాలు. ఒకప్పుడు చాంద్రమాన లెక్కలో నెలకోసారి, పద్నాలుగో రాత్రి, ఊళ్లో కరెంటు దీపాలార్పి లాంతర్ల వెలుగులో చేసే పండగ. ఇప్పుడు దీపాలు రోజూ అమ్ముతారు. మనకి కార్తీకం వస్తే తప్ప అరటిదొప్పలో ఒత్తి వెలగదు. వీళ్లకి ప్రతి సాయంత్రం కార్తీకమే. విశాఖ వదినగార్లు కాగితపు దీపాలు కొని, గోత్రనామాలు చెప్పుకుని, తు బోన్‌లో వదిలి, కళ్లు మూసుకున్నారు. ఆ రోజు బస్సులో ఎవరైనా అర నిమిషం మాట్లాడకుండా ఉన్నది అప్పుడే. ఈ ఒక్కదాని మీద నేను వెటకారం చెయ్యను. ఒడ్డునే ఎవరో పొడవాటి వలకర్ర పట్టుకుని కూర్చున్నారు, దీపాలు కాస్త ముందుకు పోయేదాకా.

తిరుగు ప్రయాణం. శనివారం కాబట్టి రాత్రి తొమ్మిదింటికి డ్రాగన్ వంతెన నిప్పులు కక్కుతుంది, అది మా చీటీలో ‘బోనస్’. 666 మీటర్ల వంతెన, పొడుగునా ఉక్కు డ్రాగన్, 2013లో కట్టారు. బస్సు వంతెన పడమటి కొసన ఆగింది. రోడ్డంతా జనం. డ్రాగన్ దగ్గింది, నిప్పు వచ్చింది, కేకలు. తర్వాత నీళ్లు చిమ్మింది, మళ్లీ కేకలు. బాబాయి కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో బుడగల కాగితం చుట్టిన వినాయకుడి మొహం మీద కాగితం కొంచెం పక్కకి జరిపాడు, ఆయనకీ కనబడాలని.

తర్వాత ఇటు తిరిగాడు. “ఆ పసుపుపచ్చ బిల్డింగు ఏంట్రా అబ్బాయ్? లైట్లు లేవు.”

చామ్ శిల్పాల మ్యూజియం, అన్నాను. ఫ్రెంచివాళ్ల కాలంలో, 1919లో తెరిచారు. చంపా శిల్పాలు లోకంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది అందులోనే. సాయంత్రం ఐదుకే మూసేస్తారు.

“ఏముంటాయి లోపల?”

మీ సన్ నుంచి తెచ్చిన వినాయకుడున్నాడు బాబాయ్. నిలబడి ఉంటాడు. ఇసుకరాయి. పన్నెండు వందల ఏళ్లు దాటింది.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఒళ్లో ఉన్నదాని బరువు ఓ మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకున్నాడు.

“పొద్దున ఈ రోడ్డు మీంచేగా పోయాం మనం?”

అవునన్నాను. పొద్దున ఈ పక్క హోటల్ దగ్గరే పావుగంట ఆగాం, ఆ కళ్లజోడు ఆవిడ కోసం.

“చూడాలంటే ఎంతసేపు పడుతుంది?”

“ఆయన్నొక్కణ్ణే అయితే ఇరవై నిమిషాలు చాలు.”

గైడమ్మాయి లేచి నిలబడింది. వేలు చూపిస్తూ లెక్కపెట్టుకుంటూ వస్తోంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు. నా దగ్గరికొచ్చింది, ఇరవై ఎనిమిది. బాబాయి దగ్గర ఆగి, ఒళ్లో ఆకారాన్ని చూసి ఓ క్షణం తడబడి, నవ్వి, ఇరవై తొమ్మిది అంది. తలుపు మూసుకుంది.